ముగిసేదాకా

మహారాణిపేటలో మా మేడమీద గదికి
ఉప్పు తిన్న కిటికీ ఒకటి, సరిగ్గా మూసుకోదు.
దాని పక్కన కూర్చుని
పేజీకి నూట ఇరవై చొప్పున
కోర్టు కాగితాలు తెలుగులోకి దించుతాను.
దస్తావేజులు, విడాకులు,
ఓసారి, ఓడ మునిగితే నష్టం ఎవరిదో తేల్చే తీర్పు.

మొన్న మంగళవారం పదకొండు పేజీల ఉత్తర్వు వచ్చింది.
పట్టుకున్న మనిషికి ఎందుకు పట్టుకున్నారో
వాడికొచ్చిన భాషలో చెప్పి తీరాలట.
ఆ చెప్పడం నా వంతు.

పేరు గరికిన ఎల్లాజీ.
ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తాడు.
జెట్టీ పేలుడుకి ముందు రాత్రి
అతను అతికిన ట్రాన్స్‌మీటరు ఎవరి చేతికి చేరిందో
నాలుగో పేజీ చెబుతుంది.
ఐదో పేజీ మొత్తం నల్లరంగు.

మొదటి వాక్యంలోనే ఆగిపోయాను.
ఇతన్ని ఏమనాలి?
ఖైదీ అందామంటే శిక్ష పడలేదు.
ముద్దాయి అందామంటే ఏ బోనులోనూ నిలబెట్టలేదు.
యుద్ధబందీ అంటే
పేరూ హోదా నంబరూ చెప్పి
ఇక నోరు మూసుకునే హక్కున్నవాడు.
యూనిఫాం లేదు కనక బందీ కాదట.
ఇది యుద్ధం కనక ముద్దాయీ కాదట.
రెండు గుమ్మాలున్న ఇంట్లో
మనిషిని గోడలో నిలబెట్టారు.
చివరికి నిఘంటువు తీసి
నిర్బంధితుడు అని రాశాను.
ఆ మాటతో ఎవరూ ఎవర్నీ పిలవగా వినలేదు.

డెబ్భై ఒకటి యుద్ధం అయ్యాక నాన్న
రాంచీ శిబిరంలో కంచె దగ్గర కాపలా.
లోపలివాళ్లకి చిట్టా ఉండేదట,
ఇంటి నుంచి ఉత్తరాలు, నెలకో సబ్బు.
ఒకాయన కంచెకి అటునుంచి ఉర్దూ అంకెలు నేర్పాడు.
పోయేదాకా నాన్న చిల్లర ఆ అంకెల్లోనే లెక్కపెట్టాడు.
ఓ పొద్దున రైలొచ్చింది, ఎక్కి వెళ్లిపోయారు.
శత్రువులే గానీ
వాళ్లకో తేదీ ఉండేది, అనేవాడు.

తొమ్మిదో పేజీలో తేదీ లేదు.
శత్రుచర్యలు ముగిసేదాకా, అని ఉంది.
ముగిసే.
మన భాషలో ఈ మాటకి కాలం పట్టదు.
రేపు ముగిసే పెళ్లికీ అదే,
రోజూ సాయంత్రం ముగిసే బడికీ అదే,
ఎన్నడూ ముగిసే ఆశ లేని జబ్బుకీ అదే.
ఎంత నిజాయితీగా అనువదించినా
అందులో ఒక మనిషి ఆయుష్షు పట్టేస్తుంది.

నేను ఎల్లాజీ తరఫు కాదు.
జెట్టీ మీద పోయిన తొమ్మిదిమందిలో
ఐసు గడ్డలు మోసే పిల్లాడొకడు,
నాకు చేపలిచ్చే నూకాలు కొడుకు.
ఆమెతో అన్నాను, ఒకణ్ణి పట్టుకున్నారని.
కత్తి ఆపకుండా అంది:
"ఆడే సేసినాడంటే ఉరెట్టండి.
సెయ్యనేదంటే, మరి సేసినోడు ఎక్కడున్నట్టు?
ఆ మాట ఎవులడుగుతారమ్మా?"
తూకంలో ఒక కానాగంత ఎక్కువేసింది.
ఎందుకో నాకు తెలియలేదు.

సాయంత్రం బీచ్‌కి నడిచాను.
ఇసుక మీదకి ఈడ్చి నిలబెట్టిన జలాంతర్గామిలోకి
పిల్లలు ఐస్‌క్రీం చేతులతో దిగుతున్నారు.
ముగిసిన యుద్ధం కనక టిక్కెట్టు పెట్టారు.
దానికి తెరిచే వేళ ఉంది, మూసే వేళ ఉంది.

శుక్రవారం అడవివరం జైలు నుంచి
నా అనువాదం తిరిగొచ్చింది,
అందినట్టు అతని సంతకంతో.
నాలుగో పేజీలో ఒక మాట చుట్టూ
పెన్సిలు సున్నా. పక్కన గుండ్రటి అక్షరాలు:
"ట్రాన్స్‌మీటరు కాదండి, రిసీవరు.
అది వింటాదంతే, మాటాడదు."

తప్పు నాదేమోనని మూలం తెరిచాను.
నాది కాదు.

ఈ దిద్దుబాటు ఎవరికి పంపాలో
పదకొండు పేజీలూ మళ్లీ వెతికాను.
కిటికీలోంచి గాలి కాగితాలు ఎత్తేస్తోంది.
మోచేతులు ఆనించి
వెతుకుతూనే ఉన్నాను.